చాల్శే అనే ఊరు

వరంగల్‌లో సాయంత్రం నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కిన మనిషి మర్నాడు సూరత్‌లో దిగుతాడు. చెన్నై నుంచి అహ్మదాబాద్ పోయే ఈ బండి మన దగ్గర విజయవాడ, ఖమ్మం, వరంగల్ మీదుగా వెళ్తుంది. మగ్గాన్ని నమ్ముకుని వలసపోయిన కుటుంబాలకు ఈ బండి వేళలు నోటికి వచ్చు. నేను వెళ్లింది సంక్రాంతి దాటిన వారం. పండక్కి ఇంటికొచ్చి మళ్లీ పనిలోకి పోతున్నవాళ్లు, కూతురి పురుడికి పోతున్న తల్లులు, బియ్యం మూటలు, పచ్చడి సీసాలు, సకినాల డబ్బాలు... బల్లార్షా దాటేదాకా పెట్టెలో తెలంగాణ మాటే వినిపించింది.

జల్గావ్ దాటాక బండి తపతి లోయ లైనులోకి మళ్లుతుంది. నందుర్బార్‌లో ఒక గుజరాతీ కుటుంబం ఎక్కింది. బెర్తులు తక్కువ, మనుషులు ఎక్కువ. మా సీటు అంచున ఒక పెద్దాయన సగం కూర్చుని సగం నిలబడ్డట్టు సర్దుకున్నాడు. ఇరుకుగా ఉందేమో, ఇటు జరగండని హిందీలో అంటే ఆయన చేత్తో గాలిని నెమ్మదిగా కిందికి నొక్కుతూ "చాల్శే, చాల్శే" అన్నాడు. పక్కనున్న జనగామ ఆవిడ సకినం ఇచ్చింది. ఆయన పళ్లకు అది లొంగలేదు. టీలో ముంచి, నానబెట్టి, నమిలి మళ్లీ "చాల్శే" అన్నాడు. తర్వాత డబ్బా తెరిచి మా అందరికీ థేప్లాలు పంచాడు.

గుజరాతీలో ఈ మాటకి ‘నడుస్తుంది’ అని అర్థం. తెలంగాణ మనిషికి విడమరిచి చెప్పక్కర్లేదు, మనం రోజూ అనే ‘నడుస్తది’ అదే. కోస్తావాళ్లు ‘పర్లేదు’ అంటారు. గుజరాతీలకు ఇలాంటి మాటలు ఒక గుంపే ఉన్నాయి. ఎలా ఉన్నారంటే ‘మజామా’. లెక్క సరిపోతే ‘బరాబర్’. ఎవరైనా కాలు తొక్కి నొచ్చుకుంటే ‘వాంధో నహీ’. సూరత్‌వాళ్ల యాసలో ‘స’ చాలాచోట్ల ‘హ’ అవుతుంది కాబట్టి బాగుందనడానికి ‘సారుఁ’ అనాల్సిన చోట ‘హారుఁ’ వినిపిస్తుంది. ఊరి పేరు కూడా పాతకాపుల నోట హురత్. వీటన్నిటిలో ఎక్కువ అరిగిన నాణెం మాత్రం చాల్శే.

దానికి ఇద్దరు ముగ్గురు తోబుట్టువులున్నారు. ఫావ్‌శే అంటే అలవాటవుతుంది, కుదురుతుంది. గమ్‌శే అంటే నచ్చుతుంది. భావ్‌శే అంటే తినడానికి బాగానే ఉంటుంది. కాపురానికి వెళ్లే పిల్లకి, పరదేశం పోయే కుర్రాడికి గుజరాతీ ఇళ్లలో పెద్దవాళ్లు ఈ మాటలన్నీ కలిపి ఒక సూత్రంలా చెబుతారు. ఇల్లు ఎలా ఉన్నా చాల్శే, ఊరు ఎలా ఉన్నా ఫావ్‌శే, కంచంలో ఏది పడినా భావ్‌శే అనుకున్నవాడికి లోకంలో ఎక్కడా కష్టం ఉండదని. వ్యాపారం కోసం తూర్పు ఆఫ్రికా దాకా పోయి స్థిరపడిన జాతికి ఈ సూత్రం బాగానే పనికొచ్చింది.

ప్రతి భాషకీ ఇలాంటి మాట ఒకటి ఉంటుంది కాబోలు. నార్వేవాళ్లకి ‘గ్రెయిట్’ ఉంది. చెవికి ఇంగ్లీషు గ్రేట్‌లా వినిపిస్తుంది గానీ అందులో ఆ పొగడ్త లేదు. సరే, పర్లేదు, ఇబ్బంది లేదు అని చెప్పి మాట ముగించడానికి వాడే మాట అది. అతిగా మెచ్చుకోవడం ఇష్టంలేని జనం కాబట్టి వాళ్ల నోట ‘చెడ్డగా లేదు’ అనేదే పెద్ద కితాబు. సూరత్‌వాళ్లు ఇందుకు పూర్తిగా వేరు. గుజరాత్‌లో మిగతా ఊళ్లవాళ్లు వీళ్లని ‘సుర్తీ లాలా’ అంటారు, అంటే విలాసపురుషుడు, తిండిమీద డబ్బు వెనకాడకుండా పెట్టేవాడు, బూతుని కూడా ముద్దుగా వాడేవాడు అని. చలిదేశపు నార్వే పొదుపుగా వాడే మాటని వీళ్లు ధారాళంగా పారేస్తారు. చాల్శే అనే మాట ఎంత దూరం నడుస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది ఈ ఊళ్లో చూసినంత స్పష్టంగా నేను మరోచోట చూడలేదు.

నవాపూర్ స్టేషన్ సగం మహారాష్ట్రలో, సగం గుజరాత్‌లో ఉంటుంది. ఒకే బల్ల మీద ఇద్దరు కూర్చుంటే చెరో రాష్ట్రంలో ఉన్నట్టు. దాన్ని దాటాక వచ్చే బర్దోలీ మాత్రం చాల్శే అనడానికి ఒప్పుకోని ఊరు. 1928లో బొంబాయి ప్రభుత్వం శిస్తు పెంచితే ఈ తాలూకా రైతులు కట్టేది లేదన్నారు. ఆ పోరాటాన్ని నడిపిన వల్లభ్‌భాయ్ పటేల్‌కి సర్దార్ అన్న పేరు స్థిరపడింది అక్కడే. బర్దోలీ నుంచి ఉధ్నా, ఉధ్నా దాటితే సూరత్. కరెంటు తీగలనిండా ఉత్తరాయణం నాటి గాలిపటాలు చిక్కుకుని రెపరెపలాడుతున్నాయి. మాంజాకి ఈ ఊరు పెట్టింది పేరు.

పాత ఊరు తపతి నది ఒడ్డున ఉంది. పదహారో శతాబ్దంలో ఖుదావంద్ ఖాన్ కట్టిన కోట ఇప్పుడు మ్యూజియం. దానికి కాస్త దూరంలో 1644 నాటి మొఘల్ సరాయి ఉంది. షాజహాన్ కాలంలో హజ్ యాత్రికుల బస కోసం కట్టారు. హిందుస్తాన్ నలుమూలల నుంచీ మక్కాకి పోయేవాళ్లు ఇక్కడే ఓడ ఎక్కేవారు. ఇవాళ ఆ కట్టడంలోనే నగరపాలక సంస్థ ప్రధాన కార్యాలయం నడుస్తోంది. ఒకప్పుడు యాత్రికులు పడుకున్న చోట ఇప్పుడు జనం ఇంటిపన్ను కాగితాలు పట్టుకుని తిరుగుతున్నారు.

తెలుగువాడికి ఈ రేవు చరిత్రలో ఒక చిన్న గర్వకారణం ఉంది. ఇంగ్లీషువాళ్లు సూరత్‌లో కుదురుకోకముందే, 1611లోనే, మన మచిలీపట్నంలో వర్తకస్థావరం పెట్టారు. మరుసటి ఏడు సూరత్ దగ్గర సువాలీలో పోర్చుగీసు ఓడలతో తలపడి గెలిచాకే వాళ్లకి ఇక్కడ కాలు నిలిచింది. తర్వాత డచ్చివాళ్లు వచ్చారు. అర్మేనియన్లు, అరబ్బులు, పార్సీలు, జైన షావుకార్లు ఒకే సందుల్లో బతికారు. 1664లో ఒకసారి, 1670లో మరోసారి శివాజీ వచ్చి ఊరిని దోచుకుపోయాడు. దుమ్ము దులుపుకుని ఊరు మళ్లీ కొట్లు తెరిచింది. ఏ భాషవాడు వచ్చినా, ఏ దేవుణ్ణి మొక్కినా, సరుకు ఉంటే చాల్శే. రేవుపట్టణానికి అది అబ్బవలసిన గుణమే.

ఆ గుణం అబ్బని వాళ్ల గుర్తులు కతార్‌గామ్ వైపు ఉన్న పాత సమాధుల దొడ్లలో కనిపిస్తాయి. ఇంగ్లీషు దొడ్డిలో ఆక్సెండెన్ సోదరుల సమాధి రెండంతస్తుల గుమ్మటాలతో నవాబుల మక్బరాని తలపిస్తుంది. తమ్ముడు క్రిస్టఫర్ 1659లో, అన్న సర్ జార్జ్ 1669లో పోయారు. డచ్చి దొడ్డిలో హెండ్రిక్ వాన్ రేడే సమాధి ఉంది. మలబారు మొక్కల మీద ‘హోర్టస్ మలబారికస్’ అనే పన్నెండు సంపుటాల గ్రంథం వెలువరించిన మనిషి ఆయన. 1691లో సముద్రం మీద చనిపోతే తెచ్చి ఇక్కడ పాతిపెట్టారు. బతికుండగా లవంగాల మీద, నూలుగుడ్డల మీద పోటీపడ్డ రెండు కంపెనీలు పోయాక గుమ్మటాల ఎత్తులో పోటీపడ్డాయి. ఈ మధ్యాహ్నం మాత్రం ఆ గుమ్మటాల నీడలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. వాళ్లకి వికెట్ల వెనక గోడ ఒకటి ఉంటే చాల్శే.

గోపీపురాలో కవి నర్మద్ ఇల్లు చూడటానికి వెళ్లాను. 1833లో పుట్టిన నర్మదాశంకర్ దవే బడిపంతులు ఉద్యోగం వదిలేసి ఇకమీదట కలాన్నే నమ్ముకుంటానన్నాడు. ‘దండియో’ అనే పత్రికతో ఊరి పెద్దల్ని వాయించాడు. వితంతు వివాహం జరగాలని రాసి ఊరుకోకుండా తానే ఒక వితంతువును పెళ్లాడాడు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించిన 1881 కంటే ఇది ముందటి మాట. ఒంటిచేత్తో మాటలు పోగేసి 1873లో ‘నర్మకోశ్’ అనే నిఘంటువు అచ్చువేశాడు. మన బహుజనపల్లి సీతారామాచార్యుల ‘శబ్దరత్నాకరం’ రావడానికి ఇంకా పన్నెండేళ్లు పట్టింది. ఆయన పుట్టిన ఆగస్టు 24ని గుజరాతీలు తమ భాషాదినంగా జరుపుకుంటారు. చాల్శే అనే ఊళ్లో పుట్టి జీవితమంతా ‘నహీ చాలే’, నడవదు అంటూ బతికిన మనిషి.

తిండి దగ్గరికి వస్తే ఈ ఊరిది దేశంలోనే ప్రత్యేకమైన పేరు. ‘తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలి’ అని గుజరాతీలకు సామెత. పొద్దున్నే రోడ్డు పక్కన వేడివేడి లోచో దొరుకుతుంది. శనగపప్పు పిండిని ఆవిరి మీద ఉడికించి, ముద్దగా గరిటెతో తీసి, పైన నూనె, కారప్పొడి, సేవ్, ఉల్లిపాయ ముక్కలు చల్లి ఇస్తారు. లోచో అంటే గందరగోళం, పొరపాటు. ఖమన్ చేయబోతే పిండి పలచనై ముక్కలుగా కోయడానికి రాకుండా ముద్దయిందట. పారేయకుండా అలాగే అమ్మితే జనం ఎగబడ్డారట. ఊళ్లో అందరూ చెప్పే కథ ఇది. ఇప్పుడు దాన్ని వెన్నతో, చీజ్‌తో, వెల్లుల్లితో రకరకాలుగా చేస్తున్నారు. చెడిపోయిన వంటని చెడిపోయిందనే పేరుతోనే అమ్మి నిలబెట్టడం చాల్శే అనే గుండె ఉన్నవాళ్లకే చేతనవుతుంది.

చలికాలం కాబట్టి పోంక్ కూడా దొరికింది. లేత జొన్నకంకిని కాల్చి నలిపిన గింజలు. మన దగ్గర ఊచబియ్యం అంటామే, అదే. మనం ఉప్పుకారం జల్లుకుని చేనుగట్టు మీద తింటాం, వీళ్లు నిమ్మరసం, సేవ్, పంచదార బిళ్లలు కలిపి బళ్ల మీద అమ్ముతారు. మన పొలాల్లో దాదాపు మాయమైన రుచి ఇక్కడ నగరం నడిబొడ్డున గిరాకీగా అమ్ముడుపోతోంది. శరత్పున్నమి మర్నాడు చాందనీ పడ్వో. ఆ రాత్రి ఊరు ఊరంతా బయటికొచ్చి నేతిలో మునిగిన ఘారీ మిఠాయిలు తింటుంది.

నా ప్రయాణం అసలు ఉద్దేశం లింబాయత్. ఉధ్నా వైపు ఉండే ఈ పేటలో అడుగుపెడితే గోడల మీద తెలుగు అక్షరాలు, ఇళ్ల ముందు ముగ్గులు, కిరాణా కొట్లో చింతపండు, గోంగూర పచ్చడి. వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల పద్మశాలీలు షోలాపూర్, భివండీలకు వలసపోయినట్టే సూరత్‌కీ వచ్చారు. తాతల నాడు వచ్చినవాళ్ల మనవలు ఇక్కడే పుట్టి, ఇక్కడే పెళ్లిళ్లు చేసుకున్నారు. కులదైవం మార్కండేయుడు వెంట వచ్చాడు, బతుకమ్మ వెంట వచ్చింది. నగరపాలక సంస్థ బళ్లలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషుతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఏడు భాషల్లో పలకాబలపం పట్టించే మునిసిపాలిటీలు దేశంలో ఎక్కువ ఉండవు.

మేం పోయిన ఇంట్లో పెద్దాయన దాదాపు జీవితమంతా మరమగ్గం మీద పనిచేశారు. సిరిసిల్లలో అన్నట్టే ఇక్కడా మరమగ్గాన్ని సాంచా అంటారు. సాంచాలు నడిచే షెడ్డు ‘ఖాతా’. పన్నెండు గంటల పాళీ, పగటిది ఒకటి, రాత్రిది ఒకటి. కూలి మీటరు లెక్కన. తెగిన పోగు అతికేదాకా సాంచా ఆగితే కూలీ ఆగినట్టే. పొరుగు షెడ్డులో గంజాం జిల్లా ఒడియావాళ్లు, అవతల షెడ్డులో బీహారు, ఖాందేశ్ వాళ్లు. చప్పుడుకి పక్క మనిషి మాట వినపడదు కాబట్టి అందరూ సైగలతో, పెదవుల కదలికతో మాట్లాడుకుంటారు. ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకి బయట నిశ్శబ్దంలో కూడా చెవులు సరిగ్గా వినపడవు.

"పెద్దనాయినా, ఎట్ల నడుస్తుంది?" అని నాతో వచ్చిన కుర్రాడు చెవి దగ్గర గట్టిగా అడిగాడు.

"ఏముంది బిడ్డా, నడుస్తది" అన్నారాయన.

ఆయన భార్య చాయ్ తెచ్చి పెడుతూ అందుకుంది. "ఈయనకు అన్నీ నడుస్తయి. వానకు ఖాడీ కాలువ పొంగి ఇంట్లకు నీళ్లొచ్చినా నడుస్తది, కూలి పెంచకపోయినా నడుస్తది. నడిపిచ్చేది నేను." ముసలాయనకు వినపడిందో లేదో గానీ నవ్వారు. ఇంటి ఖర్చు ఆమె చేతుల మీదే నడుస్తుందని ఆ నవ్వులోనే తెలిసింది. పగలంతా చీరలకు రాళ్లు అతికించే పని ఇంటికి తెచ్చుకుంటుంది. చీర లెక్కన డబ్బు. వాళ్ల పెద్దమనవడు సాంచా ముట్టనని చెప్పి సెల్‌ఫోన్ల రిపేరు నేర్చుకుంటున్నాడట. "వాడు మంచి పని చేసిండు" అంది. ఆ ఒక్క మాటకు మాత్రం ముసలాయన నడుస్తది అనలేదు, తల ఊపారు.

ఈ మగ్గాల మీద దిగిన గ్రే బట్ట పాండేసరా, సచిన్ వైపు మిల్లులకు పోయి, రంగులు అద్దుకుని, రింగ్‌రోడ్ మార్కెట్లకు చేరుతుంది. అక్కడ ఒక్కో భవనంలో వందల కొట్లు. నెత్తిన కట్టలు మోసే కూలీలు, అడ్డంగా నిలబడ్డ టెంపోలు, ఫోన్లో ఆర్డర్లు రాసుకునే గుమాస్తాలు. తెనాలి, చీరాల, కరీంనగర్ పేర్లు రాసిన పార్సిళ్లు అక్కడ కళ్లారా చూడొచ్చు. మన పెళ్లిళ్లలో ‘పెట్టుబడి చీరలు’ అని పెట్టెలకొద్దీ తెస్తారు చూడండి, వాటిలో చాలావాటి పుట్టిల్లు ఇదే. పెట్టేవాళ్లూ పర్లేదనుకుంటారు, పుచ్చుకునేవాళ్లూ పర్లేదనుకుంటారు. ఆ చీర ఏ ఒంటి మీదా మాయకుండా ఒక పెళ్లి నుంచి ఇంకో పెళ్లికి తిరుగుతుంది.

అయితే పర్లేదుకి హద్దు ఉందని మన ఆడవాళ్లు ఒకసారి చూపించారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం తొలిసారి బతుకమ్మ చీరలు పంచింది. సిరిసిల్లలో నేయించినవి చాలక పెద్ద సంఖ్యలో సూరత్ నుంచి తెప్పించారు. నాసిరకం అంటూ కొన్నిచోట్ల మహిళలు చీరల్ని కుప్పపోసి తగలబెట్టారు. పండగపూట ఇచ్చే చీర ఏదైతేనేం నడుస్తదిలే అనుకోవడం వాళ్లకు అవమానంగా తోచింది. ఆ తర్వాతి ఏళ్లలో ఆ పని సిరిసిల్ల సాంచాలకే అప్పగించారు. దీని వెనక ఇంకో చేదు నిజం ఉంది. ఆ రోజు తగలబడ్డ చీరల్లో లింబాయత్ తెలుగువాళ్ల చేతిమీదుగా దిగిన బట్ట కూడా ఉండే ఉంటుంది. చవకగా కావాలన్నవాడికి చవకబట్ట నేసిచ్చిన మనిషిది తప్పు కాదు.

చాల్శే ఎంత ఖరీదైన మాటో సూరత్‌కి అంతకుముందే తెలిసింది. 1994 సెప్టెంబరులో, వరద తీసిన తర్వాత మురికిలో కుళ్లిన పేటల్లో, న్యుమోనిక్ ప్లేగు అనే మాట పుట్టింది. కొద్దిరోజుల్లో లక్షలమంది ఊరు విడిచిపోయారు. దొరికిన రైలెక్కి, లారీ ఎక్కి పారిపోయారు. టెట్రాసైక్లిన్ మాత్రలకు కరువొచ్చింది. విదేశాలు మన విమానాల్ని ఆపేశాయి. చివరికి చూస్తే దేశం మొత్తంమీద మరణాలు 60కి మించలేదు. ఊరి పరువు మాత్రం మంటగలిసింది. చెత్త పేరుకుంటే చాల్శే, మురుగు పారకపోతే చాల్శే, అనుమతి లేని గోడ లేస్తే చాల్శే అన్న ఏళ్ల లెక్కంతా ఒకేసారి చెల్లించవలసి వచ్చింది.

ఆ మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చినవాడు తెలుగు ఇంటిపేరున్న మనిషి, సూర్యదేవర రామచంద్రరావు. ఇక్కడివాళ్లకి ఎస్.ఆర్. రావు. ఊరిని జోన్లుగా పంచి, అధికారాలు కింది అధికారులకు ఇచ్చి, పొద్దున్నే అందరూ ఏసీ గదులు వదిలి వీధుల్లో ఉండాలన్నారు. రాత్రిళ్లు రోడ్లు ఊడ్పించారు. చెత్త వేసినవాడికి జరిమానా వేశారు. అక్రమ కట్టడాలు కూల్చడం పేదల గుడిసెల దగ్గర కాకుండా పలుకుబడి ఉన్నవాళ్ల దగ్గర మొదలుపెట్టారు. అందుకే ఊరు నమ్మింది. 1996లో ఇన్‌టాక్ సంస్థ చండీగఢ్ తర్వాత దేశంలో రెండో శుభ్రమైన నగరం సూరత్ అంది. 1998లో రావుగారికి పద్మశ్రీ వచ్చింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో పాటు సూరత్ మొదటి స్థానం పంచుకుంది. కమిషనర్లు మారినా పొద్దుటి ఊడ్పు మారలేదు. ఒక్క అధికారి గొప్పతనం కంటే అదే పెద్ద విషయమని నాకనిపించింది.

2006 ఆగస్టులో ఉకాయి డ్యాం నుంచి వదిలిన నీళ్లు ఊరిని ముంచినప్పుడు కూడా రోగాలు ప్రబలకుండా ఊరు తేరుకుంది. మేడమీద ఇరుక్కున్నవాళ్లు కింది ఇంటివాళ్లని పైకి లాక్కున్నారనీ, ఎవరి వంటింట్లో మిగిలింది వాళ్లు పంచుకున్నారనీ ఆ రోజుల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒకే గదిలో ఇరవైమంది పడుకోవడం చాల్శే. అక్కడ ఆ మాటకి ఎంత విలువ!

అదే మాట పదమూడేళ్లకు ప్రాణాలు తీసింది. 2019 మే 24న సర్థానాలోని తక్షశిల ఆర్కేడ్ పైఅంతస్తులో నడుస్తున్న కోచింగ్ క్లాసుకి మంటలంటుకుని 22 మంది చనిపోయారు. చాలావరకు కుర్రపిల్లలు. డాబా మీద అక్రమంగా వేసిన కప్పు, బయటపడటానికి సరైన దారి లేకపోవడం. ఏళ్ల తరబడి ఎందరో చూసి, ఎందరో నడుస్తుందిలే అనుకుని వదిలేసిన కట్టడం అది. పిల్లలు కిటికీల్లోంచి దూకుతుంటే ఊరు ఊరంతా టీవీల్లో చూసింది. ఆ రోడ్డు మీదుగా వెళ్తున్నప్పుడు ఆటో నడిపే ఆయన వేలితో చూపించాడు, ఏమీ అనలేదు.

సూరత్‌లో చాల్శే అనే మాట పూర్తిగా నిషేధమైన చోటు కూడా ఒకటుంది, వజ్రాల సాన. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో పదింట తొమ్మిది ఈ ఊరి చేతుల మీదుగానే పోతాయని లెక్క. మహీధర్‌పురా వీధిలో మధ్యాహ్నం మనుషులు స్కూటర్ల సీట్ల మీద తెల్లకాగితపు పొట్లాలు విప్పి, భూతద్దం కంటికి ఆనించి, రాళ్లు బేరమాడుతుంటారు. కాగితాలు లేవు, సంతకాలు లేవు, ఇచ్చిన మాటే రసీదు. సరుకునీ డబ్బునీ ఊళ్లు దాటించేది అంగడియాలు. ఒక మచ్చ కనిపిస్తే ధర పడిపోతుంది. పది రెట్లు పెద్దగా చూపించే అద్దం కింద నడుస్తుందిలే అనడానికి వీల్లేదు. 2023 డిసెంబరులో ప్రారంభమైన డైమండ్ బోర్స్ పెంటగాన్ కంటే పెద్ద కార్యాలయ భవనమని ఇక్కడివాళ్లు గర్వంగా చూపిస్తారు. వీధి వ్యాపారం మాత్రం వీధిలోనే ఉంది.

గోల్కొండ మనిషికి ఆ వీధిలో నిలబడితే మనసు కాస్త కలుక్కుమంటుంది. పదిహేడో శతాబ్దంలో తావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు సూరత్ రేవుకి వచ్చి, నేల మీద ప్రయాణం చేసి, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల దాకా వెళ్లాడు. రాయీ మనదే, బందరు కలంకారీ బట్టా మనదే. సూరత్‌ది అప్పట్లో ఎక్కించి పంపే పని. ఇప్పుడు రాయి ఎక్కడో ఆఫ్రికాలో దొరుకుతుంది, నూలు బదులు పాలిస్టర్ వచ్చింది. రెండూ ఇక్కడికే చేరుతున్నాయి. మనవాళ్లు మీటరుకి ఇంతని కూలికి వచ్చారు. మన గనులు అడుగంటాయి, మన రేవు పూడిపోయింది, కానీ అవి మాత్రమే కారణాలు కావు. పనిలో పొరపాటుని ఒప్పుకోని శిక్షణ, మనిషిలో పొరపాటుని సర్దుకుపోయే గుణం, రెంటినీ ఒకేచోట పెంచుకుంది ఈ ఊరు. మనం చాలాసార్లు తలకిందులు చేస్తాం. కాంట్రాక్టరు వేసిన రోడ్డు గుంతలైతే పర్లేదంటాం, పక్కింటికి పరాయి భాషవాడు అద్దెకొస్తే పర్లేదనలేం.

అలాగని సూరత్ కూడా అన్ని చోట్లా సరిగ్గా అంటుందని చెప్పలేను. పన్నెండు గంటల పాళీని, వినపడని చెవుల్ని, మీటరుకి గీచిగీచి ఇచ్చే పైసల్ని చూసి కూడా ఈ ఊరు చాల్శే అంటూనే ఉంది. కొనడానికి పోయే మనమూ అంటున్నాం.

చీరల బేరానికి రింగ్‌రోడ్ వెళ్లే తెలుగు వ్యాపారులు మన రెండు రాష్ట్రాల్లో లెక్కలేనంతమంది. అక్కడినుంచి లింబాయత్ ఆటోలో కాసేపటి దూరం. ఈసారి వెళ్లినప్పుడు ఒక పూట అక్కడా గడపండి, మీరు బేరమాడే బట్ట ఏ చేతుల్లోంచి దిగుతుందో చూడండి, తెలుగు బడి ఉంటే పిల్లలకి నాలుగు పుస్తకాలు పట్టుకెళ్లండి. ఇరుకు గది, పలచటి చాయ్, అర్థంకాని భాష, అన్నిటికీ చాల్శే అనండి. నేసినవాడి కూలి దగ్గర మాత్రం ఆ మాట అనే హక్కు కొనేవాడికి లేదు.